నాన్న తెలుపు

మా ఎండోస్కోపీ గదిలోకి కొత్త కెమెరా వచ్చిన రెండో నెలలో, మా దగ్గరికి పరీక్షకు వచ్చినవాళ్ళందరి కడుపులూ పాలిపోయి పసుపు రంగుకి తిరిగాయి. ఆ పసుపుకి కారణం నేనూ, మా నాన్నా. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. ఆయనకి నెల పట్టింది.

నేను విజయవాడలో ఒక మధ్యరకం ఆసుపత్రిలో టెక్నీషియన్ని. నోట్లోంచి సన్నటి గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్ష మాది. గొట్టం చివర చిన్న కెమెరా ఉంటుంది, అది చూసిందంతా ఎదురుగా టీవీలో కనపడుతుంది. గొట్టం నడిపేది డాక్టరు గారు. పేషెంటును పక్కకు తిప్పి పడుకోబెట్టడం, గొట్టాలు కడగడం, కెమెరాని సిద్ధం చేయడం, భయపడేవాళ్ళని కసురుకోవడం నా పని. కసురుకోవడం ఉద్యోగంలో భాగం కాదని డాక్టరు గారు చాలాసార్లు చెప్పి చూశారు. పద్దెనిమిదేళ్ళ అలవాటు, ఇప్పుడు మానుకోమంటే ఎలా మానుకుంటాను.

పాత కెమెరా ఉన్నన్నాళ్ళూ కడుపు లోపల చూడడమంటే వానలో సిటీ బస్సు అద్దంలోంచి బందరు రోడ్డు చూసినట్టు ఉండేది. ఏదో ఎర్రగా కదులుతోందని తెలిసేది గానీ, అది పుండో, పొద్దున తిన్న టమాటా తొక్కో బాగా దగ్గరికి వెళ్తేగానీ తేలేది కాదు. ఈ నాలుగైదేళ్ళలో ఊళ్ళో ఆసుపత్రులన్నీ హెచ్‌డీ కెమెరా అని బోర్డులు పెట్టడం మొదలుపెట్టాయి. బస్సుల వెనక అదే, ఆటోల వెనక అదే. మోకాలికి హెచ్‌డీ, పిత్తాశయానికి హెచ్‌డీ, ముక్కులో దూలానికి కూడా హెచ్‌డీ. జనం కూడా అడగడం నేర్చుకున్నారు. కంకిపాడు నుంచి వచ్చిన ఒక రైతు బల్ల మీద పడుకుని, నేను నోట్లో ప్లాస్టిక్ బిళ్ళ పెట్టబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అమ్మా, ఇది కొత్త కెమెరాయేనా అండీ? పాతదైతే ముందే చెప్పెయ్యండి, లేచెళ్ళిపోతాను."

టీవీ కొనడానికి షాపుకి వచ్చినవాడిలా అడుగుతున్నాడే అని నాకు ఒళ్ళు మండింది. సాయంత్రం ఇంటికి వెళ్తూ ఆలోచిస్తే ఆయన అడిగినదాంట్లో తప్పేమీ కనపడలేదు. కడుపు ఆయనది. దాన్ని సరిగ్గా చూసేవాళ్ళ దగ్గరే చూపించుకుంటానంటున్నాడు. నేను మాత్రం కూరగాయలు కొనేటప్పుడు నాలుగు వంకాయలు తిప్పి చూడనా?

అలా అందరూ అడగ్గా అడగ్గా మాకూ కొత్త కెమెరా వచ్చింది. మొదటి రోజు టీవీలో చూసి నేను చేస్తున్న పని మర్చిపోయాను. కడుపు లోపలి పొర మీద సన్నటి రక్తనాళాలు ఎర్ర నూలు పోగుల్లా విడివిడిగా కనపడ్డాయి. ఇన్నేళ్ళూ ఇదంతా ఇక్కడే ఉందా, మనమే చూడలేదా అనుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. డాక్టరు గారు చూడకుండా తుడుచుకున్నాను. ఆ వారంలోనే కందిగింజలో సగం కూడా లేని ఒక మచ్చని ఆయన పట్టుకున్నారు. పాత కెమెరాతో అయితే దాని మీదుగా దాటిపోయి ఉండేవాళ్ళం. ఆ మచ్చ తీయించుకున్నాయన ఇప్పుడు శుభ్రంగా తిని తిరుగుతున్నాడు.

ఈ కెమెరాలకి ఒక నియమం ఉంది. రోజూ పని మొదలుపెట్టేముందు దాని ఎదురుగా ఒక తెల్లటి వస్తువు పెట్టి మీట నొక్కాలి. ఇదీ తెలుపు అని అది గుర్తు పెట్టుకుంటుంది. మిగతా రంగులన్నీ ఆ తెలుపుని బట్టి సర్దుకుంటుంది. మామూలుగా అందరూ కట్లు కట్టే గాజ్ గుడ్డ ముక్క చూపిస్తారు. నాకు ఆ గాజ్ నచ్చలేదు. పల్చన, దారాలు ఊడిపోతుంటాయి, వెనకాల ఏముందో కనపడుతూ ఉంటుంది. ఇంత గొప్ప కెమెరాకి ఇలాంటి పీలికా చూపించేది అనిపించింది. మా ఇంట్లో అంతకంటే మంచి తెలుపు ఉంది మరి.

మా నాన్న రంగుల మనిషి. మచిలీపట్నం దారిలో ఒక నేత ఊరు మాది. ఊరంతా నేస్తే, ఆ నూలుకి రంగు వేసేది మా ఇల్లు. చిన్నప్పుడు నేను బడి నుంచి వస్తూ పెరట్లో దండేల మీద ఆరుతున్న నూలు చుట్టల్ని, చిలపల్ని చూసి ఆ వారం ఎవరింట్లో ఏ చీరలు నేస్తున్నారో చెప్పేదాన్ని. నాన్న కొలతగ్లాసు వాడేవాడు కాదు. బానలో కర్ర పెట్టి తిప్పి, పైకి తీసి, కర్ర చివర్నుంచి జారే చుక్కని వెలుతురులో చూసి "ఇంకొంచెం" అనేవాడు. ఆ ఇంకొంచెం ఎంతో ఆయన కంటికే తెలుసు.

నాలుగేళ్ళ క్రితం అమ్మనీ నాన్ననీ విజయవాడ తీసుకొచ్చేశాను. మా ఆయన ఇబ్రహీంపట్నంలో కరెంటు తయారుచేసే చోట షిఫ్టుల ఉద్యోగం, నాకూ వేళాపాళా లేదు, ఇంట్లో పెద్దవాళ్ళుంటే బాగుంటుందని ఆయనే అన్నారు. నాన్న ఒకే ఒక షరతు పెట్టాడు, మేడ మీద రేకుల షెడ్డు వేయించి బానలు పెట్టుకోనివ్వాలని. వేయించాం. మా వైపు నేతగాళ్ళు కొందరు నూలు పట్టుకుని బస్సెక్కి అక్కడికే వచ్చేవాళ్ళు.

పోయినేడాది వాళ్ళు రావడం తగ్గిపోయింది. ఒకాయన వంగపండు రంగు అడిగితే నాన్న వేసిచ్చిన నూలు నీలంగా ఉందని వెనక్కి పట్టుకొచ్చాడు. నాన్న చిలపని పైకెత్తి, "ఇది వంగపండు కాకపోతే ఏంటయ్యా? మీ ఇంట్లో లైట్లు మార్చుకోండి ముందు" అని అరిచాడు. ఇరవై ఏళ్ళుగా నూలు ఇస్తున్న మనిషి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు మానేశారు. నాన్న రోజూ పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళి బానలు కడిగి, తుడిచి, బోర్లించి వచ్చేవాడు. వాటిలో రంగు లేకపోయినా కడిగేవాడు. రంగు పని పోతే ఈయన ఏమైపోతాడు అన్న భయం నాకూ అమ్మకీ లోపల ఉంది. ఇద్దరం పైకి అనలేదు.

అందుకే తెల్లగుడ్డలు కావాలని ఆయన్ని అడిగాను. కెమెరా కోసం అనేది సగం, ఆయన చేతికి పని దొరుకుతుందనేది సగం.

నాన్న ఆ పనిని పెళ్ళిచీరలంత శ్రద్ధగా చేశాడు. పాత మల్లు పంచె ఒకటి తీసి, జానెడు చదరాలు చింపి, అంచులు కుట్టి, సోడాలో ఉడకబెట్టి, ఎండేసి, మళ్ళీ ఉతికి, చివర నీలిమందు కలిపిన నీళ్ళలో ముంచి ఆరేశాడు. నీలం పెట్టని తెలుపుని మా వైపు ఎవరూ తెలుపు అనరు. పంచెలైనా, స్కూలు చొక్కాలైనా, దుప్పట్లైనా ఆఖరిసారి నీలం నీళ్ళలో తీస్తేనే ఉతికినట్టు. నేను పుట్టినప్పటి నుంచి చూసిన తెలుపు అదే. ఆ చదరాలు మెరిసిపోతుంటే గర్వంగా స్టీలు డబ్బాలో పెట్టుకుని ఆసుపత్రికి పట్టుకెళ్ళాను. గాజ్‌ని పక్కన పెట్టాను. మాసినవి ఇంటికి తెచ్చేదాన్ని, నాన్న మళ్ళీ ఉతికి మళ్ళీ నీలం పెట్టేవాడు.

కడుపులు పాలిపోవడం మొదలైంది అప్పుడే. మొదట ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన ఒకావిడకి. డాక్టరు గారు టీవీ చూస్తూ, "పొర బాగా పాలిపోయిందమ్మా, రక్తం తక్కువున్నట్టుంది" అని రక్తపరీక్షకు పంపారు. రక్తం నిక్షేపంలా ఉంది. మర్నాడు ఇంకొకాయన. ఆయన రక్తమూ బాగానే ఉంది. ఆ వారం చివరికి డాక్టరు గారు గొట్టం పట్టుకునే నా వైపు తిరిగారు.

"ఏంటమ్మా ఇది, ఒక్కళ్ళకీ ఒంట్లో రక్తం లేదా? నాకు ఏది ఎరుపో, ఏది కాదో తేలట్లేదు."

తేలకపోతే ఊహించి రాసే మనిషి కాదాయన. ముగ్గురి విషయంలో అనుమానంగా ఉందని, కెమెరా బాగయ్యాక మళ్ళీ చూడాలని రాసి పెట్టారు. నేను కంపెనీకి ఫోన్ చేసి వాళ్ళ ఇంజనీరుని హైదరాబాద్ నుంచి రప్పించాను. ఆయన లోపలికి అడుగుపెట్టడమే ఆలస్యం, "కొత్తదని చెప్పి ఏం అంటగట్టారండీ మాకు, రెండు నెలలకే రంగు మారిపోయింది" అని దులిపేశాను.

ఆయన నెరిసిన జుట్టు మనిషి, నాలాంటివాళ్ళని చాలామందిని చూసినట్టున్నాడు. సంచీ కింద పెట్టి నెమ్మదిగా అడిగాడు.

"తెలుపు కింద ఏం చూపిస్తున్నారు మేడమ్?"

డబ్బా మూత తీసి నాన్న చదరాన్ని ఇచ్చాను, ప్రసాదం ఇచ్చినట్టు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత గాజ్ ముక్క ఒకటి తీసుకుని, దాన్ని చూపించి మీట నొక్కి, కెమెరాని మా చదరం మీదికి తిప్పాడు. టీవీ నిండా లేత నీలం. అంత లేతా కాదు. ఈసారి మా చదరాన్ని చూపించి మీట నొక్కి, గాజ్ మీదికి తిప్పాడు. గాజ్ ఆవు వెన్నముద్దలా పసుపుగా కనపడింది.

"నీలం పెట్టారా అండీ దీనికి?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. నీలం గుడ్డని తెలుపని చెబితే, ఆ కెమెరా పాపం నమ్మింది. నమ్మి, కనపడిన ప్రతిదాంట్లోంచీ కాస్త నీలాన్ని తీసేసింది. అందుకే అందరి కడుపులూ పసుపు. డాక్టరు గారు ముందు పగలబడి నవ్వారు. తర్వాత నవ్వాపి, "ఆ ముగ్గుర్నీ పిలవాలి" అన్నారు. ఆ ఫోన్లు నేనే చేస్తానన్నాను. తప్పు నాదేనని, గొట్టం మళ్ళీ మింగాల్సి వస్తుందని ముగ్గురికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇబ్రహీంపట్నం ఆవిడ, "నువ్వు మింగు ముందు, అప్పుడు తెలుస్తది" అంది. ముగ్గురూ వచ్చారు, ముగ్గురికీ ఏమీ లేదని తేలింది. ఆవిడ వెళ్ళేటప్పుడు నా భుజం తట్టి వెళ్ళింది, ఆ తట్టడంలో కాస్త కసి కూడా ఉంది.

ఇంజనీరు వచ్చిన రోజు సాయంత్రమే గాజ్ ముక్క ఒకటి చేతిలో పట్టుకుని మేడమెట్లు ఎక్కాను. ఎక్కుతూనే కేకలు మొదలుపెట్టాను. "గుడ్డలకి నీలం ఎంత పోశావు నాన్నా? నా పరువు తీశావు!" నాన్న బకెట్ దగ్గర కూర్చుని చదరాలు ముంచుతున్నాడు. నా చేతిలో గాజ్ చూసి మొహం చిట్లించాడు.

"ఆ పసుపు గుడ్డ ఎందుకు తెచ్చావమ్మాయ్?"

మధ్యాహ్నం కెమెరా ఏ గుడ్డని పసుపుగా చూపించిందో, నాన్న కూడా అదే గుడ్డని పసుపంటున్నాడు. ఆయనకి నిజంగానే అలా కనపడుతోంది. మామూలు తెలుపు ఆయన కంటికి పసుపు. ఆ పసుపు పోయేదాకా నీలం పోస్తున్నాడు, ఉతికిన ప్రతిసారీ ఇంకొంచెం. వంగపండు నూలు నీలంగా ఎందుకు వచ్చిందో ఆ క్షణంలో అర్థమైంది. కోపమంతా దిగిపోయి అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

శుక్లాలు అయ్యుంటాయని, కళ్ళు చూపించుకుందామని అన్నాను. ససేమిరా అన్నాడు. "నా కళ్ళకేం? జోడు లేకుండా పేపరు చదువుతన్నా. సూదిలో దారం నువ్వెక్కిస్తావా, నేనెక్కించాలా?" అని అప్పటికప్పుడు సూది తెప్పించి ఒక్కసారికి ఎక్కించి చూపించాడు. దగ్గరి చూపు బాగానే ఉందాయనకి. శుక్లం ముదిరేటప్పుడు కొందరికి అలాగే ఉంటుందని డాక్టరు గారు చెప్పారు. నాన్నకి చెప్తే వింటేగా. నేను మళ్ళీ అడిగితే అన్నం దగ్గర్నుంచి లేచిపోయేవాడు. అమ్మ నన్ను కళ్ళతోనే ఆపేది. మూడు వారాలు ఇలాగే గడిచింది. కన్ను పోయిందని ఒప్పుకోవడమంటే ఆయన దృష్టిలో తను పోయినట్టే. అది తెలిసి కూడా నేను అరిచాను, అదే నాకు ఇప్పటికీ సిగ్గు.

ఆఖరికి డాక్టరు గారే ఒక మాట అన్నారు. "కళ్ళు చూపించుకోమనకు. మన కెమెరా చూపిస్తానని తీసుకురా. రంగులు తెలిసినాయన, చూసి ఏమంటారో విందాం."

ఆ మాటకి నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పరీక్షలన్నీ అయిపోయిన మధ్యాహ్నం అది. రోగులకి వాడడం మానేసిన పాత గొట్టాన్ని ఒకదాన్ని కెమెరా పెట్టెకి తగిలించాను. ఆయన కళ్ళ ముందే గాజ్ చూపించి మీట నొక్కాను. షెడ్డులోంచి పట్టుకొచ్చిన రెండు నూలు చిలపల్ని ఆయన చేతిలో పెట్టి, "ఇవేం రంగులు నాన్నా?" అన్నాను.

"రెండూ నలుపే."

ఒకటి నలుపు, రెండోది సిరా నీలం. రెండూ ఆయన వేసినవే. బల్ల మీద పక్కపక్కన పెట్టి గొట్టం వాటి మీదికి వంచాను. ఆ గట్టి వెలుతురులో, అంత పెద్ద టీవీ మీద, ఒక చిలప నల్లగా ఉండిపోయింది, రెండోది నీలంగా తేలింది. ముదిరిన శుక్లం ఉన్న కంటికి కూడా తెలిసిపోయేంత తేడా. నాన్న టీవీ చూశాడు, బల్ల చూశాడు, మళ్ళీ టీవీ చూశాడు.

"ఇది రంగు పులుముతోంది. కెమెరాల మాయ" అన్నాడు.

నేను నోరు తెరవబోతే డాక్టరు గారు వద్దని తల ఊపారు. నాన్న టీవీలో నీలంగా కనపడిన చిలప కొసకి ముడివేశాడు. రెండింటినీ వీపు వెనక పెట్టుకుని, చేతులు మార్చి మార్చి, మళ్ళీ బల్ల మీద పెట్టి, ముడి కనపడకుండా అరచెయ్యి కప్పాడు. "ఇప్పుడు చూపించు." చూపించాను. ఎడమది నీలం. చెయ్యి తీస్తే ముడి ఎడమదానికే ఉంది. మళ్ళీ మార్చాడు. ఈసారి కుడిది. నాలుగోసారి డాక్టరు గారిని బయటికి పంపించి, ఆయన చూడకుండా చిలపలు మార్చి, లోపలికి పిలిచి అడిగాడు. ప్రతిసారీ నీలంగా కనపడేది ముడి ఉన్నదే. మా నాన్నని ఎవరూ ఓడించలేదు ఆ గదిలో. తన పరీక్ష తనే పెట్టుకున్నాడు, తనే దిద్దుకున్నాడు. తర్వాత పేషెంట్లు పడుకునే బల్ల మీద కూర్చుని ఆ ముడిని నెమ్మదిగా విప్పాడు.

ఇంటికి వెళ్తుంటే ఆటోలో అడిగాడు. "ఎన్నాళ్ళ నుంచి అయ్యుంటదమ్మాయ్ ఇట్టా?"

"తెలీదు నాన్నా."

"ఆ వంగపండు నూలాయన్ని ఎంత మాటన్నానే."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోనిచ్చాడు. బెంజి సర్కిల్ దాటాక, "ఆపరేషనంటే ఎన్ని రోజులు నీళ్ళు తగలకూడదంట?" అన్నాడు. నాకు ఆటోలోంచి దూకి గంతులేయాలనిపించింది.

కంటి ఆసుపత్రిలో కూడా కెమెరాయే. సూక్ష్మదర్శినికి తగిలించినది, బయట కూర్చున్న మాకు టీవీలో ఆపరేషన్ అంతా చూపిస్తారు. ఇంటివాళ్ళు చూడాలని అడుగుతున్నారట, అందుకని ఈమధ్యే పెట్టారు. అమ్మ చూడనని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది, తర్వాత కొంగు సందులోంచి చూసింది. టీవీ నిండా నాన్న కన్ను. దాని మధ్యలో ముదురు రంగు బిళ్ళ. డాక్టరమ్మ దాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కా లాగేస్తుంటే, వెనక నుంచి ఎర్రటి వెలుగు తేటగా బయటపడింది. నేను రోజూ కెమెరా పక్కన నిలబడేదాన్ని. ఆ రోజే మొదటిసారి ఇంటివాళ్ళ కుర్చీలో కూర్చున్నాను. మా దగ్గరికి వచ్చే పేషెంట్ల చేతుల్ని వాళ్ళ ఇంటివాళ్ళు ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటారో తెలిసింది.

నాన్న తర్వాత ఆ వీడియో చూపించమని పట్టుబట్టాడు. డాక్టరమ్మ సరదాపడి ఫోన్లో పెట్టింది. "తేనెలా ఉంది కదండీ తాతగారూ" అందావిడ. నాన్న తల అడ్డంగా ఊపాడు. "తేనె కాదమ్మా. కరక్కాయ నీళ్ళు. నూలు నానబెట్టే ముందు కాస్తామే, అదీ రంగు. ఇన్నాళ్ళూ కరక్కాయ నీళ్ళలోంచి చూశానన్నమాట."

కట్టు విప్పిన రోజు ఇంటికి రాగానే హాలు గోడల వైపు చూసి, "సున్నం ఎప్పుడేయించారు?" అన్నాడు. నాలుగేళ్ళుగా ఆ గోడలు అలాగే ఉన్నాయని చెబితే నమ్మలేదు. మేడ మీదికి వెళ్ళి దండెం మీద చదరాల్ని చూసి, ఎవరివీ నీలం గుడ్డలని అడిగి, నేను జవాబు చెప్పేలోపే అర్థమై, ఒక్కొక్కటీ తీసి మడతపెట్టాడు. కిందికి వచ్చి ఫోన్ తీసుకుని ఆ నూలాయనకి చేశాడు. "తప్పు నీ లైట్లది కాదయ్యా, నా కంటిది. నిన్ను అనరాని మాటన్నాను" అని చెప్పాడు. అటు ఏమన్నాడో నాకు వినపడలేదు. పదిహేను రోజుల తర్వాత ఆయనే నూలు సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. ఆ పూట బానలో రంగు ఉంది.

రెండో కన్ను సంగతి మాత్రం నాన్న తేల్చలేదు. ఒక కంటితో పని జరిగిపోతోంది కదా అని వాయిదా వేస్తూ వచ్చాడు.

ఆ నెల చివర్లో కంకిపాడులో చుట్టాలింట్లో గృహప్రవేశం. అందరం బయల్దేరుతుంటే అమ్మ గదిలోంచి నెమలి మెడ రంగు చీర కట్టుకుని వచ్చింది. నాన్న చూసి, "అది కాదు, నేను రంగేసింది కట్టుకో. అరిటాకు రంగుది" అన్నాడు.

మూడేళ్ళ క్రితం నాన్న అమ్మ కోసం ప్రత్యేకంగా నూలుకి రంగు వేసి, మా ఊళ్ళో నేయించిన చీర ఒకటుంది. అరిటాకు రంగు కావాలని అమ్మే అడిగింది.

"ఇది అదేనండీ" అంది అమ్మ.

నాన్న దగ్గరికి వెళ్ళి పైట అంచు చేతిలోకి తీసుకున్నాడు. ఆపరేషన్ అయిన కన్ను మూసి చూశాడు. తర్వాత రెండోది మూసి చూశాడు. మళ్ళీ మొదటిది. నేను చెప్పుల స్టాండు దగ్గరే నిలబడిపోయాను.

"ఈ కంటికి అరిటాకు. ఈ కంటికి..." అని ఆగిపోయాడు. "నీకు ముందే తెలుసా?"

"నాకు కళ్ళున్నాయి కదండీ, తెలియకుండా ఎట్టా ఉంటది?"

"మరి చెప్పలేదే?"

"చెబితే మళ్ళీ బానలో చెయ్యి పెట్టేవారా మీరు?"

మూడేళ్ళు, ప్రతి పెళ్ళికీ పేరంటానికీ ఆ చీర కట్టుకుని, ఎవరైనా ఈ నెమలి రంగు ఎక్కడ దొరికిందంటే మా వారే వేశారని చెప్పి, ఇంటికొచ్చి ఈయనతో మాత్రం నా అరిటాకు చీర అంటూ వచ్చిందన్నమాట. నేను ఇన్ని కేకలేసి, కెమెరాలు చూపించి బయటపెట్టినదాన్ని అమ్మ ఎప్పుడో చూసి కడుపులో పెట్టుకుంది. నా తెలివి మీద నాకు ఉన్న నమ్మకం ఆ రోజు కాస్త తగ్గింది.

"విప్పి ఇవ్వు. మళ్ళీ ముంచి సరిచేస్తాను" అన్నాడు నాన్న.

"దీన్ని ముట్టుకున్నారంటే చూడండి. నాకిట్టాగే బాగుంది" అంది అమ్మ, పైట లాక్కుంటూ.

కంకిపాడు దాకా ఆటోలో నాన్న అమ్మకి ఎదురుగా కూర్చుని ఒక కన్ను మూస్తూ, ఒక కన్ను తెరుస్తూ ఉన్నాడు. అమ్మ సిగ్గుపడి బయటికి చూస్తోంది. ఊరు దగ్గరపడుతుంటే నాన్న నా వైపు వంగాడు.

"రెండో కంటికి వచ్చే నెలకి రాయించెయ్ అమ్మాయ్. ఈలోగా మీ అమ్మని ఈ చీర ఇంకో నాలుగుసార్లు కట్టుకోమను. నేను వేశాననుకున్న రంగు ఆ తర్వాత నాక్కూడా కనపడదు."

ఆ నెలలో అమ్మ ఆ చీర ఐదుసార్లు కట్టుకుంది. అందులో మూడుసార్లు, ఏ ఫంక్షనూ లేకుండా, ఊరికే ఇంట్లోనే.